బీరువాల ఫ్యాక్టరీకి మీటింగమ్మాయి

వర్షంలో తడిసి ముద్దయిన ఒకమ్మాయి ఆఫీసు గుమ్మంలో నిలబడి గొడుగు ముడుస్తుంటే, చిన్నోడు కంప్యూటర్ మీంచి తలెత్తకుండానే అడిగాడు.

"సర్వీసు కంప్లైంటేనా? బీరువా తలుపు బిగుసుకుపోయిందా?"

"కాదండీ. మనుషులు బిగుసుకుపోయారని మీరే మెయిల్ పెట్టారు."

అప్పుడు తలెత్తాడు. జుట్టు చివర్ల నుంచి నీళ్ళు కారుతున్నాయి. భుజాన బరువైన సంచి, చంకలో పొడుగ్గా చుట్టిన కాగితాల గొట్టం. మనిషి తడిసింది గానీ ఆ గొట్టం మీద ఒక్క చుక్క పడలేదు. గొడుగు దానికి పట్టి తను పక్కన నడిచొచ్చినట్టుంది.

"ఓ, ఫెసిలిటేటర్ మీరేనా. సారీ అండీ. కూర్చోండి."

"కుర్చీ తడుస్తుంది. నిలబడే మాట్లాడతాను."

కంపెనీల్లో అందరినీ కూర్చోబెట్టి మాట్లాడించే వర్క్‌షాపులు ప్లాన్ చేసి నడిపించే ఫెసిలిటేటర్లు ముగ్గురికి రాశాడు చిన్నోడు. ఇద్దరు తళతళలాడే ప్రపోజల్స్ పంపారు. ఈమె మాత్రం పదకొండు ప్రశ్నలు పంపింది. మొదటి ప్రశ్న, వర్క్‌షాప్ అయ్యాక సోమవారం పొద్దున మీ ఆఫీసులో ఏం మారి ఉండాలి అని. దానికి జవాబు రాయడానికి మూడు రోజులు పట్టింది. చివరికి "నాన్న, పెదనాన్న మాట్లాడుకోవాలి" అని ఒక్క ముక్క రాశాడు. ఆ ముక్క చూసే వచ్చిందామె.

"ఒక్క రోజులో అయిపోవాలండీ," అన్నాడు చిన్నోడు. "వచ్చే శనివారం పెట్టేద్దాం. ప్రొడక్షన్ ఆగకూడదు."

"వాళ్ళు మాట్లాడుకోక ఎన్నాళ్ళయింది?"

"రెండేళ్ళు."

"రెండేళ్ళ మౌనానికి ఒక్క శనివారమా? బేరం బాగా ఆడతారే." ఆమె గొట్టం చంకలోంచి తీసి గోడకి ఆనించింది. "రెండు వారాలు అందరితో విడివిడిగా మాట్లాడాలి. తర్వాతే అజెండా. ఆ పై వారం మూడు రోజులు వర్క్‌షాప్."

"అసలు మీరు చేసేదేంటండీ? సలహా ఇవ్వనంటారు. తీర్పు చెప్పనంటారు. బీరువాల గురించి తెలీదంటారు."

"మీలో మీరు మాట్లాడుకునేలా చూస్తాను. అంతే."

"దానికి ఇంకో మనిషి కావాలా?"

"లేకుండా రెండేళ్ళు చూశారుగా."

చిన్నోడికి ఒళ్ళు మండింది. నవ్వు కూడా వచ్చింది. ఏది ముందు బయటపెట్టాలో తెలీక టీ తెప్పించాడు.

"ఒక షరతు," అంది ఆమె గ్లాసు అందుకుంటూ. "నాతో ఒంటరిగా ఎవరు ఏం చెప్పినా నా దగ్గరే ఉంటుంది. పిలిచింది మీరే అయినా మీకు చెప్పను."

"నా గురించి చెప్పినా?"

"మీ గురించైతే అస్సలు చెప్పను."

ఆమె సరదాగానే అంది. చిన్నోడికి మాత్రం కొరివితో తల గోక్కుంటున్నానేమో అనిపించింది.

పిలవాల్సిన వాళ్ళ లిస్టు చూసిందామె. "ఈ పేరు రాసి కొట్టేశారేం?"

"మా అన్నయ్య. పెదనాన్న కొడుకు. ఇప్పుడు ఫ్యాక్టరీకి రావట్లేదు. ఒంట్లో బాగోదు, ఇబ్బంది పెట్టొద్దండీ."

ఆమె పెన్నుతో ఆ గీత మీద రెండుసార్లు తట్టింది. తర్వాత పేజీ తిప్పేసింది.

*

ఆ ఫ్యాక్టరీ తాతయ్య పెట్టింది. ఒక రేకుల షెడ్డూ, ఒక వెల్డింగు మిషనూ ఉన్న చోటు అరవై మంది పనిచేసే చోటయింది. తాతయ్య పోయాక పెదనాన్న అమ్మకాలు చూశాడు, నాన్న షెడ్డు చూశాడు. ఒకే టిఫిన్ క్యారియర్లో తినేవాళ్ళు.

ఇప్పుడు పక్కపక్క గదులు, మధ్యలో చెక్క గోడ. గుమ్మాల దగ్గర టైపిస్టు ఆవిడ. "రేకు రేపొస్తుందని పెద్దాయనకి చెప్పమ్మా," అంటాడు నాన్న. ఆ మాట గోడలోంచి పెదనాన్నకి వినబడుతూనే ఉంటుంది. అయినా ఆవిడ వచ్చి చెప్పేదాకా ఆగి, "సరేనని చెప్పమ్మా," అంటాడు. అటూ ఇటూ తల తిప్పి తిప్పి ఆవిడ మెడకి బెల్టు పడింది.

ఒకరు ఎడ్డెమంటే ఒకరు తెడ్డెం. పోయిన నెల ఒకరు బూడిద రంగన్నారు, ఇంకొకరు కాఫీ రంగన్నారు. పెయింట్ షెడ్డు వాళ్ళు ఎవరి మాటా తీసెయ్యలేక తలుపులకి ఒకటీ ఒంటికి ఒకటీ కొట్టి పద్దెనిమిది బీరువాలు పంపారు. పద్దెనిమిదీ వెనక్కొచ్చాయి.

ఇదంతా అన్నయ్య చెయ్యి పోయిన రోజు నుంచి.

రేకుని ఒక్క దెబ్బతో కత్తిరించే పెద్ద ప్రెస్ ఉందక్కడ. దాని ముందు ఇనప జాలీ గార్డు. అది కిందికి దిగితేనే దెబ్బ పడుతుంది. దిగి లేవడానికి నాలుగు సెకన్లు. ఆరోజు పెద్ద ఆర్డరు, బయట లారీ హారన్ కొడుతోంది. ఆ నాలుగు సెకన్లు కలిసొస్తాయని చిన్నోడు గార్డుని పైకెత్తి వైరుతో కట్టి, స్విచ్చిని ఏమార్చి, తనే కూర్చుని రేకులు కొట్టాడు. మధ్యలో లారీ డ్రైవరు పిలిస్తే లేచెళ్ళాడు. మిగిలిన రేకులు చూసి, తమ్ముడికి సాయం చేద్దామని అన్నయ్య వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు.

కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది.

అందరూ అన్నయ్యని ఎత్తుకుని పరిగెడుతుంటే చిన్నోడు వెనక్కి తిరిగి, వైరు కత్తిరించి చెత్తలో పారేశాడు. గార్డు పాడైందని కాగితాల్లో రాశారు. షెడ్డు బాధ్యత నాన్నది. తమ్ముడు గార్డు బాగుచేయించకుండా తన కొడుకు చెయ్యి తీశాడని పెదనాన్న నమ్మాడు. గార్డు బాగానే ఉందని నాన్నకి తెలుసు, ఎలా నిరూపించాలో తెలీదు. చిన్నోడికి అంతా తెలుసు.

అవతల పదో తరగతి నుంచీ తనకి సైకిల్, బైకు, లెక్కలు నేర్పిన అన్నయ్య. ఇవతల రోజురోజుకీ వంగిపోతున్న నాన్న. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ రెండేళ్ళు గడిపాడు. నిజం చెప్పకుండానే వాళ్ళని కలపొచ్చేమోనని ఒక దింపుడుకళ్ళం ఆశ. ఆ ఆశతోనే ఫెసిలిటేటర్ని పిలిచాడు.

*

"ఫెసి... ఫెసిలి..." పెద్ద మేస్త్రి రెండుసార్లు ప్రయత్నించి వదిలేశాడు. "ఆ మీటింగమ్మాయి వచ్చింది చిన్న సారూ."

అంతే, ఆ పేరు ఖాయమైపోయింది. ఆమె కూడా పిలిస్తే పలికేది.

తలకి హెల్మెట్టు, చెవుల్లో దూది పెట్టుకుని షెడ్డంతా తిరిగింది. పెయింట్ షెడ్డు వాళ్ళతో కలిసి భోంచేసింది. అద్దాలు బిగించే ఆయన పదేళ్ళలో పది మాటలు మాట్లాడి ఉండడు. అలాంటిది ఆమెతో నలభై నిమిషాలు మాట్లాడాడు.

"ఏం అడిగారండీ ఆయన్ని?" చిన్నోడికి ఆశ్చర్యం.

"మీ పనిలో ఎవరికీ కనబడని కష్టమేంటీ అని."

"ఏమన్నాడు?"

"చెప్పకూడదుగా."

వర్క్‌షాప్‌కి చోటు వెతికారు. పెదనాన్న గది వద్దు, నాన్న గది వద్దు. మేడ మీద మూసేసిన పాత షోరూము ఆమెకి నచ్చింది. ఇద్దరూ కలిసి దుమ్ము దులిపారు. చిన్నోడు పెద్ద బల్ల ఒకటి మోయించుకొస్తే ఆమె గుమ్మంలోనే ఆపేసింది.

"బల్ల వద్దు. బల్లుంటే దాని వెనక దాక్కుంటారు. కుర్చీలు గుండ్రంగా వేద్దాం."

"మా నాన్నా పెదనాన్నా ఎదురెదురుగా పడితే?"

"పక్కపక్కన వేస్తాను. ఎదురుగా ఉంటే మొహాలు చూసుకోవాలి. పక్కనైతే అక్కర్లేదు. మొదటిరోజుకి అది చాలు."

రంగు కాగితాలు చీటీలుగా కత్తిరించే పని అతనికి అప్పజెప్పింది.

"ఎంబీయే చదివి కాగితాలు కత్తిరిస్తున్నాను," అన్నాడు.

"అదీ వంకరగా. ఎంబీయేలో నేర్పలేదా?"

"మీరు చూస్తుంటే చెయ్యి వంకర పోతోందండీ."

ఆమె వెంటనే మొహం తిప్పేసుకుంది. తిప్పుకున్న వైపు గోడే ఉంది. ఖాళీ గోడని అంత శ్రద్ధగా చూసే మనిషిని చిన్నోడు అంతకుముందు చూడలేదు.

ఒక సాయంత్రం ఇద్దరూ టీ కొట్టు చూరు కింద చిక్కుకుపోయారు. వాన గట్టిగా పట్టుకుంది. ఉన్నది ఒక్క గొడుగు, దాని కింద ఆమె కాగితాల గొట్టం.

"ఇంట్లో కూడా ఇలాగే అందర్నీ మాట్లాడిస్తారా?" అడిగాడు.

"మా ఇంట్లో నేనే మాట్లాడను. అందరి నోళ్ళూ తెరిపిస్తావు, నీ నోట్లో మాత్రం ముత్యాలు దాచుకుంటావని మా అమ్మ దెప్పుతుంది."

"ఏం దాచుకున్నారు?"

"అడిగినవాళ్ళు లేరు." గొడుగు కాస్త ఇటు జరిపింది. గొట్టం చివర తడిసింది. ఆమె చూసింది గానీ పట్టించుకోలేదు.

ఆరోజు ఇంటికెళ్ళి చిన్నోడు అద్దంలో చూసుకుని తనలో తను నవ్వుకున్నాడు. రెండేళ్ళలో అది మొదటిసారి. అంతలోనే ఆ నవ్వే మొహం మీద అతనికే అసహ్యం వేసింది. అన్నయ్య ఎడంచేత్తో చొక్కా గుండీలు పెట్టుకోడానికి ఎంతసేపు పడుతుందో అతనికి తెలుసు.

*

"ఇంకొక్కరే మిగిలారు," అంది మీటింగమ్మాయి రెండో వారం చివర్లో. "మీరు."

పాత షోరూములో రెండు కుర్చీలు. ఆమె ఒళ్ళో నోట్‌బుక్. ఫ్యాక్టరీ గురించి అడిగింది, చెప్పాడు. నాన్న గురించి అడిగింది, చెప్పాడు.

"ప్రమాదం జరిగిన రోజు మీరెక్కడున్నారు?"

"బయట. లారీ దగ్గర."

"అంతకు ముందు?"

"ఆఫీసులో."

ఆమె రాయలేదు. పెన్ను మూత పెట్టేసింది. ఆమెకి తెలుసని చిన్నోడికి ఆ మూత చప్పుడుతోనే అర్థమైంది. ఎవరో చెప్పారు. పెద్ద మేస్త్రి అయ్యుంటాడు. ఆరోజు చెత్త ఎత్తించింది ఆయనే.

"వర్క్‌షాప్‌కి ముందు మీరు చెప్పాలనుకున్నది ఏదైనా ఉందా?" మెల్లిగా అడిగింది.

చిన్నోడు ఏదో ఒకటి అనాలి. అనేశాడు.

"నాకు మీరంటే ఇష్టం."

షెడ్డులో మిషన్లు ఆడుతున్నాయి. ఆమె కళ్ళల్లో మొదట వెలుగు లాంటిదేదో కదిలింది, తర్వాత అది ఆరిపోయింది.

"అబద్ధం అని అనుకోను," అంది. "కానీ ఇంకో మాట దాచడానికి ఈ మాటని అడ్డం పెట్టారు. ఇంత మంచి మాటని అలా వాడకుండా ఉండాల్సింది."

"మీరు నా వైపు ఉంటారనుకున్నాను."

"నేను అరవై మంది వైపూ ఉండాలి. అందుకే కదా పిలిచారు."

సంచి తీసుకుని లేచింది. మెట్లు దిగుతూ ఒక్కసారి రెయిలింగ్ పట్టుకుని ఆగింది. అతను లేచి వెళ్తే బాగుండేది. వెళ్ళలేదు.

*

మొదటిరోజు బాగానే గడిచింది. నాన్న, పెదనాన్న పక్కపక్కన కూర్చుని రెండు వేరే కిటికీల్లోకి చూశారు. కాఫీ తలుపుల బీరువా సంగతి పెయింటర్ చెబుతుంటే అందరూ నవ్వారు. పెదనాన్న పెదవి కూడా కదిలింది. ఒక్క అడుగు పడిందని చిన్నోడు ఆశపడ్డాడు.

రెండోరోజు ఆమె గోడ పొడవునా తెల్లకాగితం అంటించి పదేళ్ళ గీత గీసింది. "ఈ పదేళ్ళలో మీకు గుర్తున్నవి చీటీల మీద రాసి, ఆయా చోట్ల అంటించండి."

అరవై మందీ లేచారు. కొత్త షెడ్డు, మొదటి పెద్ద ఆర్డరు, మేస్త్రి కూతురి పెళ్ళి, తాతయ్య పోవడం. గోడంతా పచ్చగా, ఎర్రగా నిండిపోయింది. రెండేళ్ళ కిందటి ఒక నెల దగ్గర మాత్రం జానెడు చోటు ఖాళీగా మిగిలింది. ఎవరూ దాని దగ్గరికి వెళ్ళలేదు.

ఆమె పక్కకి తప్పుకుని నిలబడింది.

కాసేపటికి పెదనాన్న లేచాడు. చీటీ మీద రాసి ఆ ఖాళీలో అంటించాడు. "నా కొడుకు చెయ్యి."

అప్పుడు నాన్న, రెండేళ్ళ తర్వాత మొదటిసారి, అన్నగారి వైపు తిరిగి మాట్లాడాడు.

"గార్డు బాగానే ఉంది అన్నా. ఆ ఉదయం నేనే చూశాను. నా మాట నమ్ము."

"బాగుంటే ఎందుకు దిగలేదురా?" పెదనాన్న కళ్ళు తుడుచుకున్నాడు. "చెప్పు. ఎందుకు దిగలేదు?"

నాన్న రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తున్నాడు.

చిన్నోడు మీటింగమ్మాయి వైపు చూశాడు. ఆమె అతని వైపు చూడలేదు. కిటికీలోంచి బయటికి చూస్తోంది. పెద్ద మేస్త్రి తల వంచుకున్నాడు. ఎవరూ బలవంతం చెయ్యలేదు. ఊరుకుంటే ఆ రోజూ గడిచిపోయేది, నాన్న ఇంకో రెండేళ్ళు వంగిపోయేవాడు.

"నేను కట్టేశాను పెదనాన్నా," అన్నాడు చిన్నోడు.

వైరు, స్విచ్చి, లారీ, చెత్తబుట్ట, అన్నీ చెప్పాడు. మధ్యలో ఎవరూ ఆపలేదు. ఆపినా బాగుండు అనిపించింది.

పెదనాన్న కేకలెయ్యలేదు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, గోడ పట్టుకుని నడుస్తూ బయటికెళ్ళాడు. నాన్న చాలాసేపు కొడుకునే చూశాడు.

"మా అన్న ముందు నన్ను రెండేళ్ళు దొంగలా నిలబెట్టావురా," అన్నాడు. అంతే.

మీటింగమ్మాయి అందరినీ విరామానికి పంపింది. నాన్నకి మంచినీళ్ళ గ్లాసు తెచ్చిచ్చింది. చిన్నోడి పక్కనించి రెండుసార్లు నడిచింది. ఆగలేదు.

*

మూడోరోజు ఉంటుందా అని మీటింగమ్మాయికి మెసేజ్ పెట్టాడు. జవాబు వచ్చింది. "ఉంటుంది. మీరు రాకూడదని మీ నాన్నగారు కోరారు."

వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. మూసిన తలుపు వెనక నుంచి నాన్నా పెదనాన్నా గొంతులు చించుకుని పోట్లాడుకోవడం వినబడింది. ఏడవడం కూడా. టైపిస్టు ఆవిడ వచ్చి పక్కన కూలబడింది.

"వాళ్ళే మాట్లాడుకుంటున్నారు బాబూ. మధ్యలో నాతో పనిలేదు," అని కళ్ళు తుడుచుకుంది.

సాయంత్రానికి నిర్ణయం అయింది. ఆ ప్రెస్ చప్పుడు వింటూ ఇద్దరిలో ఎవరూ అక్కడ ఇంక కూర్చోలేరు. ఫ్యాక్టరీ అమ్మేస్తారు. కొనేవాళ్ళు నలభై మందిని ఉంచుకుంటారు. మిగతా ఇరవై మందికి వేరే చోట పని చూడాలి. ఆ ఇరవైలో అద్దాలాయన ఉన్నాడు.

మీటింగమ్మాయి సంచి భుజాన వేసుకుని మెట్లు దిగింది. చిన్నోడు లేచి దారిచ్చాడు.

"వాళ్ళు మాట్లాడుకోవాలని రాశాను. మాట్లాడుకుంటున్నారు," అన్నాడు. "మీ పని బాగా చేశారు."

ఆమె ఏదో చెప్పబోయింది. పెదవులు విడివడ్డాయి కూడా. తర్వాత "నమస్తే" అని వెళ్ళిపోయింది. గేటు దాకా వెనక్కి చూస్తుందేమోనని చూశాడు. చూడలేదు.

మౌనం అన్నదమ్ముల మధ్య నుంచి లేచి తండ్రీకొడుకుల మధ్యకి వచ్చి కూర్చుంది. భోజనాల బల్ల దగ్గర నాన్న ఉంటే చిన్నోడు లేచిపోవడం, చిన్నోడు వస్తే నాన్న చెయ్యి కడుక్కోవడం. అమ్మ ఇద్దరి మధ్యా నలిగిపోయింది. అది చూడలేక ఒక గది అద్దెకి తీసుకుని, వేరే ఫ్యాక్టరీలో మిషన్ల దగ్గర పనికి చేరాడు. ప్రతి ఉదయం ప్రతి గార్డూ చేత్తో లాగి చూసేవాడు. అక్కడివాళ్ళు పిచ్చి అనుకున్నారు.

వర్క్‌షాప్ అయ్యాక మొదటి ఆదివారం అన్నయ్య ఇంటికెళ్ళాడు. వదిన తలుపు తీసి, లోపలికి రమ్మనకుండా లోపలికెళ్ళిపోయింది. అన్నయ్య బల్ల మీద కాగితం పరిచి ఎడంచేత్తో ఏదో డ్రాయింగు గీస్తున్నాడు.

"నాకు ఆసుపత్రిలోనే తెలుసురా," అన్నాడు తలెత్తకుండా. "గార్డు పైకుంది. నువ్వప్పటిదాకా కూర్చున్న కుర్చీ వెచ్చగా ఉంది. ఇంక తెలియడానికేముంది?"

"మరి ఎందుకు చెప్పలేదు అన్నయ్యా?"

"నువ్వొచ్చి చెబుతావని చూశాను. వారం చూశాను, నెల చూశాను. తర్వాత చూడటం మానేశాను."

చిన్నోడు నేల మీద కూర్చుండిపోయాడు. ఎంతసేపు ఏడ్చాడో తెలీదు.

"నన్ను క్షమించావా?"

"లేదు." అన్నయ్య పెన్సిల్ కింద పెట్టాడు. "వచ్చే ఆదివారం కూడా రా."

*

ఏడు నెలలు ప్రతి ఆదివారం వెళ్ళాడు. కొన్నిసార్లు రెండు మాటలు, కొన్నిసార్లు ఒక్కటీ లేదు. చొక్కా గుండీ పెట్టబోతే అన్నయ్య చెయ్యి విదిలించేవాడు. స్కేలు కదలకుండా పట్టుకోనిచ్చేవాడు. అంతవరకే.

అలాంటి ఒక ఆదివారం తలుపు చప్పుడైంది. వదిన తీసింది. గుమ్మంలో మీటింగమ్మాయి.

చిన్నోడి చేతిలో స్కేలు జారింది, గీత వంకర పోయింది.

ఆమె కూడా అతను అక్కడ ఉంటాడనుకోలేదు. ఒక్క క్షణం తడబడి అన్నయ్య వైపు తిరిగింది.

"మీతో మాట్లాడదామని వచ్చానండీ. మీ ఫ్యాక్టరీలో వర్క్‌షాప్ నడిపింది నేనే. అరవై మందిని అడిగాను. అసలు అడగాల్సిన మనిషిని అడగలేదు. మీ పేరు కొట్టేసి ఉంటే ఊరుకున్నాను. నా పని నేను సరిగా చెయ్యలేదు. క్షమాపణ చెప్పడానికి ఇన్నాళ్ళు పట్టింది."

అన్నయ్య కాసేపు ఆమెని చూసి, కుర్చీ చూపించాడు. వదిన టీ పెట్టింది. నాలుగు గ్లాసులు పెట్టింది. చిన్నోడికి ఆ ఇంట్లో టీ రావడం అదే మొదటిసారి.

ఆమె గ్లాసు పట్టుకుని చిన్నోడి వైపు చూడకుండా ఉండటానికి పడుతున్న అవస్థ, చిన్నోడు గ్లాసులోకి చూస్తూ పడుతున్న అవస్థ, రెండూ అన్నయ్యకి కనబడ్డాయి.

"ఏమ్మా, వీడంటే ఇష్టమా?" అని అడిగేశాడు.

అందరి నోళ్ళూ తెరిపించే మనిషికి అప్పుడు మాట రాలేదు.

"వీడు నిజమే చెబుతాడు," అన్నాడు అన్నయ్య. "కాకపోతే రెండేళ్ళు పడుతుంది. ఆలోచించుకో."

వదిన మొహం అటు తిప్పుకుంది. నవ్విందో ఏడ్చిందో తెలీలేదు.

ఇద్దరూ కలిసి వీధిలోకి వచ్చారు. చినుకులు మొదలయ్యాయి. ఆమె చేతిలో ఈసారి కాగితాల గొట్టం లేదు.

"పనుల మీద తిరుగుతున్నారా?" అడిగాడు.

"నాలుగు నెలలు ఏ పనీ ఒప్పుకోలేదు."

"ఎందుకు?"

"ఆరోజు మీరు నోరు తెరిచే ముందు నేను కిటికీలోంచి చూస్తున్నాను. గుర్తుందా?"

"నావైపు చూస్తే అందరికీ తెలిసిపోతుందని."

"కాదు. మీవైపు చూస్తే వద్దని తల ఊపేదాన్ని." ఆమె ఆగింది. "మీ పెదనాన్న అక్కడ ఏడుస్తున్నారు. అయినా మీరు చెప్పకుండా ఉంటే బాగుండని కోరుకున్నాను. అలా కోరుకున్న మనిషి ఇంకో గదిలో నిలబడి అందరికీ సమానమని ఎలా చెబుతుంది?"

చినుకులు పెద్దవయ్యాయి. ఇద్దరూ ఒక మూసిన కొట్టు చూరు కిందికి నడిచారు.

"ఎందుకు కోరుకున్నారు?"

"అది కూడా నాతోనే చెప్పించాలా?"

చిన్నోడు జవాబివ్వలేదు. అడిగి ఊరుకోవడం ఆమె దగ్గర నేర్చుకున్నదే. ఒక బస్సు నీళ్ళు చిమ్ముతూ వెళ్ళింది. ఇంకోటి వెళ్ళింది.

"ఇష్టం కాబట్టి," అంది ఆమె, నేల వైపు చూస్తూ. "మీరు అడ్డం పెట్టుకోడానికి అన్నారు చూడండి, ఆ రోజుకి ముందు నుంచే."

అతనికి సంతోషం రావాలి. వచ్చింది కూడా, కానీ ఏడుపుతో కలిసి వచ్చింది.

"మా నాన్న నాతో మాట్లాడి ఏడు నెలలైంది," అన్నాడు. "మీరొకసారి మా ఇంటికొచ్చి, ఆయన్ని అడిగి చూస్తారా?"

"రాను. పని మీద మీ ఇంటికి ఇంక రాను." ఆమె చున్నీ తలమీదికి లాక్కుంది. "నీతో వస్తాను. ఆయన మాట్లాడకపోతే ఇద్దరం కాసేపు కూర్చుని వద్దాం."

ఆ మధ్యాహ్నమే వెళ్ళారు. నాన్న తలుపు తీశాడు. కొడుకుని చూశాడు, పక్కనున్న అమ్మాయిని చూశాడు. ఏమీ అనకుండా దారిచ్చి తన కుర్చీలోకి వెళ్ళి కూర్చున్నాడు. అమ్మ హడావిడి పడింది. గంటసేపు గోడ గడియారం తప్ప ఎవరూ చప్పుడు చెయ్యలేదు. ఆఖర్న నాన్న, "తల తుడుచుకోమ్మా, జలుబు చేస్తుంది," అన్నాడు. ఆమెతో. కొడుకుతో ఆరోజూ మాట్లాడలేదు.

ఇద్దరూ లేచి వచ్చేశారు. వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా నాన్న గుమ్మంలోనే వానలో నిలబడ్డాడని, లోపలికి రమ్మన్నా రాలేదని, అమ్మ తర్వాత ఫోన్లో చెప్పింది.